అదురును మట్టిలోనే ఆపడం: మెత్తటి పూరకంతో ట్రెంచ్ – విజయవాడ, గుంటూరు నేలలకు సమగ్ర మార్గదర్శి

పక్క షెడ్డులో కంప్రెసర్ ఆన్ చేయగానే ఇంట్లో బీరువా అద్దం గలగలమంటే ఎవరికైనా మొదట తోచేది ఒకటే: మధ్యలో ఒక గొయ్యి తవ్వితే పోలా? పోతుంది. కాకపోతే ఆ గొయ్యి ఎంత లోతుండాలో యంత్రం, మట్టి కలిసి నిర్ణయిస్తాయి. అది తెలుసుకోకుండా జేసీబీని పిలిస్తే మీటరున్నర తవ్వి, దొరికిన రబ్బిష్‌తో పూడ్చేసి, అదురు ఏమాత్రం తగ్గలేదని తిట్టుకోవడమే మిగులుతుంది. ఈ పనిలో సగానికి పైగా కొలత. తవ్వకం ఆ తర్వాతి మాట.

ట్రెంచ్ ఎందుకు పనిచేస్తుంది

నేల మీద నిలువుగా కొట్టుకునే యంత్రం మట్టిలోకి పంపే శక్తిలో సుమారు 67 శాతం రేలీ తరంగాలుగా నేల పైపొరను పట్టుకుని వెళ్తుంది. మిగతాది కోత తరంగాలుగా (మట్టిని అడ్డంగా ఊపేవి) 26 శాతం, ఒత్తిడి తరంగాలుగా (మట్టిని ముందుకీ వెనక్కీ నొక్కేవి) 7 శాతం లోపలికి చెదిరిపోతుంది. రేలీ తరంగం దూరంతో నెమ్మదిగా తగ్గుతుంది, అందుకే నలభై మీటర్ల అవతలి ఇల్లు కూడా అదురుతుంది. దానికున్న బలహీనత ఏమిటంటే, దాని కదలిక చాలా వరకు నేల మట్టం నుంచి ఒక తరంగదైర్ఘ్యం (ఒక అల శిఖరం నుంచి తర్వాతి శిఖరం దాకా ఉన్న దూరం) లోతు లోపే ఉంటుంది. ఆ మేరకు అడ్డం పెడితే చాలా భాగం వెనక్కి మళ్లుతుంది.

అడ్డం అంటే బరువైన గోడే కానక్కర్లేదు. సాంద్రతను తరంగ వేగంతో గుణిస్తే వచ్చే విలువ ఒక్కసారిగా మారిన చోట తరంగం వెనక్కి తిరుగుతుంది. మెత్తటి బంకమట్టిలో క్యూబిక్ మీటరుకు 1800 కిలోలు, కోత తరంగ వేగం సెకనుకు 130 మీటర్లు అనుకుంటే ఆ విలువ 2,34,000. క్యూబిక్ మీటరుకు 20 కిలోల థర్మాకోల్‌కు అది 6,000 దగ్గర ఉంటుంది. దాదాపు నలభై రెట్ల తేడా. ఖాళీ గొయ్యి ఇంకా బాగా ఆపుతుంది, కానీ మన ఒండ్రులో ఖాళీ గొయ్యి మొదటి వానకే కూలుతుంది. కూలకుండా పట్టుకుంటూ మెత్తగా ఉండే సరుకు కావాలి. పూరకం చేసే పని అదే.

తవ్వే ముందు యంత్రం దగ్గర

బేస్ బోల్టులు వదులుగా ఉన్నాయా, పుల్లీ ఊగుతోందా, పునాది దిమ్మ పగిలిందా, దిమ్మ షెడ్డు ఫ్లోరుతో కలిసి పోశారా అన్నది చూడండి. చివరిది మన ఊళ్లలో చాలా ఎక్కువ. దిమ్మ చుట్టూ ఫ్లోరును 25 మిల్లీమీటర్ల వెడల్పున కోసి, ఆ సందులో మెత్తటి ఫోమ్ పెడితేనే కొన్ని ఫిర్యాదులు ఆగిపోతాయి. యంత్రం కింద స్ప్రింగ్ లేదా రబ్బరు మౌంట్లు వేసే వీలుంటే ట్రెంచ్ కన్నా అదే చవక. యంత్ర పునాదులకు ఐఎస్ 2974, అదురు తప్పించే ఏర్పాట్లకు ఐఎస్ 13301 అనే భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. డిజైనర్‌ను వాటి ప్రకారం లెక్క అడగండి. ఇవన్నీ చేశాక కూడా మిగిలిన అదురుకే ట్రెంచ్.

మొదటి మెట్టు: ఏ ఫ్రీక్వెన్సీ ఇబ్బంది పెడుతోంది

నిమిషానికి తిరిగే చుట్లను 60తో భాగిస్తే హెర్ట్జ్. 750 ఆర్‌పీఎం రెసిప్రొకేటింగ్ కంప్రెసర్ 12.5 హెర్ట్జ్ దగ్గర, దానికి రెట్టింపు 25 హెర్ట్జ్ దగ్గర నేలను కొడుతుంది. 1500 ఆర్‌పీఎం జనరేటర్‌ది 25. పవర్ ప్రెస్సు, ఫోర్జింగ్ హ్యామర్ లాంటి దెబ్బ యంత్రాలకు ఇలాంటి స్థిరమైన సంఖ్య ఉండదు. దిమ్మ, దాని కింది మట్టి కలిసి ఊగే సహజ ఫ్రీక్వెన్సీలో అవి మోగుతాయి. అది కొలిస్తేనే తెలుస్తుంది.

కొలవడానికి 4.5 హెర్ట్జ్ జియోఫోన్లు (నేల అదురును విద్యుత్ సంకేతంగా మార్చే సెన్సర్లు) రెండు, సెకనుకు కనీసం 500 శాంపిళ్లు తీసే రికార్డరు చాలు. ఫోనులోని యాప్ ఫ్రీక్వెన్సీని ఉజ్జాయింపుగా చెబుతుంది గానీ తీవ్రత విషయంలో దాన్ని నమ్మొద్దు. వదులు మట్టిని 10–15 సెంటీమీటర్లు తీసేసి, గట్టి మట్టిలో మేకుతో జియోఫోన్ దిగ్గొట్టండి. ఇంటి లోపలైతే ఫ్లోరుకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించండి. బోలుగా మోగే టైల్ మీద పెడితే ఆ టైల్ అదురే రికార్డవుతుంది.

ఫిర్యాదు చేసినవాళ్ల ఇంట్లో, పునాది పక్కన, యంత్రం దగ్గర ఈ మూడు చోట్లా మూడు దిక్కుల రీడింగులు తీసుకోండి. యంత్రం ఆపి ఒకసారి, పూర్తి లోడులో ఒకసారి. ఆపినప్పుడు కూడా అదే రీడింగు వస్తే దోషి యంత్రం కాదు, రోడ్డో రైలో. ఇంటి గోడలు పగులుతాయేమో అన్న భయానికి జర్మన్ ప్రమాణం డీఐఎన్ 4150 ఒక కొలబద్ద: 10 హెర్ట్జ్ లోపు అదురుకు నివాస గృహాల పునాది దగ్గర గరిష్ఠ కణ వేగం (అదురులో నేల అటూఇటూ ఊగే వేగం) సెకనుకు 5 మిల్లీమీటర్లు, సున్నితమైన పాత కట్టడాలకు 3. మనిషికి మాత్రం సెకనుకు 0.3 మిల్లీమీటర్ల దగ్గరే అదురు తెలిసిపోతుంది. కాబట్టి చిరాకు పుట్టించే అదురంతా గోడ పగలగొట్టేది కాదు.

రెండో మెట్టు: తరంగదైర్ఘ్యం

ఈ మెట్టు దాటేసినవాళ్ల ట్రెంచ్‌లే ఎక్కువగా వృథా అవుతాయి. యంత్రం ఒకే వేగంతో నడుస్తుంటే తరంగదైర్ఘ్యాన్ని నేల మీదే టేపుతో కొలవొచ్చు. యంత్రం నుంచి పది మీటర్ల అవతల మొదటి జియోఫోన్‌ను పాతండి. రెండోదాన్ని అదే సరళరేఖలో అర మీటరు చొప్పున దూరం జరుపుతూ వెళ్లండి. తెర మీద రెండు అలల శిఖరాలు మొదట విడిపోయి, ఎదురుబొదురై, మళ్లీ సరిగ్గా ఒకదానితో ఒకటి కలుస్తాయి. అలా కలిసిన చోటికి మొదటి జియోఫోన్ నుంచి ఉన్న దూరమే ఒక తరంగదైర్ఘ్యం. అక్కడ ఆగకుండా రెండో, మూడో కలయిక దాకా వెళ్లి సగటు తీయండి. యంత్రానికి మరీ దగ్గరగా మొదలుపెడితే లోపలి తరంగాలు కలిసి లెక్క తప్పిస్తాయి. 12.5, 25 రెండూ కలిసి వస్తుంటే రికార్డును వడగట్టి ఒక్కోదాన్ని విడిగా చూడండి.

హ్యామర్ లాంటి వాటికి ఈ పద్ధతి కుదరదు. నేల పరీక్ష చేసేవాళ్లతో మాస్వ్ సర్వే (వరసగా పాతిన జియోఫోన్లతో తరంగ వేగం కొలిచే పద్ధతి) చేయించండి. అదీ వీలుకాకపోతే బోర్‌హోల్ ఎస్‌పీటీ ‘ఎన్’ విలువ (పరీక్ష గొట్టం మట్టిలోకి 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టే సుత్తి దెబ్బల సంఖ్య) నుంచి అంచనా: కోత తరంగ వేగం సుమారు 97 × ఎన్ ఘాతం 0.314. ఎన్ 3 అయితే సెకనుకు 137 మీటర్లు, 8 అయితే 186. రేలీ వేగం అందులో దాదాపు 93 శాతం. ఈ సూత్రం ముప్పై శాతం అటూఇటూ పోయినా ఆశ్చర్యం లేదు, అందుకే టేపు కొలతకే మా ఓటు.

మూడో మెట్టు: లోతు, చోటు, పొడవు

రిచర్డ్ వుడ్స్ 1968లో ప్రచురించిన క్షేత్ర ప్రయోగాల ఫలితాలే ఇప్పటికీ ప్రాథమిక లెక్క. అదురును నాలుగో వంతుకు దించాలంటే, యంత్రం దగ్గరే చుట్టూ తవ్వే ట్రెంచ్ లోతు తరంగదైర్ఘ్యంలో 0.6 వంతు. ఇంటి దగ్గర తవ్వితే 1.33 రెట్లు. అవి ఖాళీ ట్రెంచ్‌లకు వచ్చిన సంఖ్యలు. పూరకం వేశాక, మన చేతిపనిలో, అదురు సగానికి తగ్గితే మంచి ఫలితమనే అనుకోవాలి.

ఉదాహరణకు ఆ 750 ఆర్‌పీఎం కంప్రెసర్‌నే తీసుకుందాం. 25 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 5.2 మీటర్లు వచ్చింది. యంత్రం పక్కనైతే 3.1 మీటర్ల లోతు చాలు. ఇంటి పక్కనైతే 6.9 మీటర్లు కావాలి. 12.5 హెర్ట్జ్‌దే అసలు బాధ అయితే తరంగదైర్ఘ్యం 10 మీటర్లు దాటుతుంది, యంత్రం పక్కనే 6 మీటర్ల పైచిలుకు తవ్వాలి. మామూలు జేసీబీ చెయ్యి నాలుగున్నర మీటర్లకు మించి దిగదు, పొక్లెయిన్ కావాలి, నీళ్లు పడతాయి, ఖర్చు మరో లెక్కకు వెళ్తుంది. 10 హెర్ట్జ్ కన్నా తక్కువైతే ట్రెంచ్ ఆలోచన మానుకుని, డబ్బు యంత్రం పునాది మీద పెట్టండి. బెల్టు యంత్రమైతే పుల్లీ మార్చి వేగాన్ని కొంచెం జరిపినా ఇంటి స్లాబు సహజ ఫ్రీక్వెన్సీ నుంచి తప్పుకోవచ్చు.

ట్రెంచ్‌ను యంత్రం నుంచి ఒక తరంగదైర్ఘ్యం లోపు పెట్టండి. పూర్తి వలయం ఉత్తమం. స్థలం లేకపోతే యంత్రం దగ్గర ఆ వంపు చేసే కోణం 90 డిగ్రీలు తప్పక దాటాలి. అలా చేసినా కాపాడబడేది ట్రెంచ్ రెండు కొసల నుంచి 45 డిగ్రీలు లోపలికి గీసిన గీతల మధ్య భాగమే. కొసల దగ్గర తరంగం వంగి లోపలికి వస్తుంది. ఇంటి వెడల్పు ఎంతో ట్రెంచ్ పొడవు అంతే చేసి, మూల గది ఇంకా అదురుతోందని వాపోయేది ఇందుకే. ఇంటి పక్కన వేసేటప్పుడు లోతు × పొడవు, తరంగదైర్ఘ్యం వర్గంతో భాగిస్తే యంత్రానికి రెండు తరంగదైర్ఘ్యాల దూరంలో 2.5, ఏడింటి దూరంలో 6 ఉండాలి. వెడల్పు అంత ముఖ్యం కాదు, 600 మిల్లీమీటర్ల బకెట్ వెడల్పు చాలు.

వెనక్కి మళ్లిన తరంగం ఎక్కడికీ పోదు. యంత్రానికీ ట్రెంచ్‌కీ మధ్య నేల మునుపటికన్నా ఎక్కువ అదురుతుంది. ఆ మధ్యలో మీ ఆఫీసు గదో, కొలత పరికరాల గదో, వేరేవాళ్ల గోడో ఉంటే అక్కడి రీడింగు ముందే తీసి పెట్టుకోండి.

నాలుగో మెట్టు: నేల, నీరు

విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువల చుట్టుపక్కల ఒండ్రు మట్టి, కింద సన్న ఇసుక, పైకే అందే నీరు. కాలువలు కట్టేసిన ఎండాకాలంలో తవ్వండి. నీళ్లు వదిలాక అదే గోతిలో ఊట ఎంత పైకి వస్తుందో పక్క బావినో పాత బోరునో అడిగి తెలుసుకోండి. డిజైన్‌కు లెక్కలోకి వచ్చేది వానాకాలపు గరిష్ఠ మట్టమే. నీటి కింద సన్న ఇసుక తగిలితే గోతి గోడ నిలవదు, మోటారు పెట్టి తోడితే నీటితో పాటు ఇసుకా వచ్చి పక్క ఇంటి పునాది దిగిపోతుంది. అక్కడ బెంటోనైట్ (నీటిలో ఉబ్బే బంకమట్టి పొడి) ద్రవం నింపుతూ తవ్వడమే మార్గం.

గుంటూరు నల్లరేగడిలో చిక్కు వేరు. ఎండకు బెత్తెడు పగుళ్లు విచ్చి, వానకు ఉబ్బే ఆ మట్టి మూడున్నర మీటర్ల లోతు దాకా కాలంతో పాటు కదులుతుంది. ట్రెంచ్‌లోకి వాన నీళ్లు దిగితే ఇంటి పక్క మట్టి ఉబ్బి గోడలు చీలుస్తుంది. కంప్రెసర్ చేయలేని నష్టం ట్రెంచ్ చేస్తుందన్నమాట. ఇక్కడ పై మూత, నీరు బయటికి పోయే వాలు పూరకం కన్నా ముఖ్యం. ఉబ్బే మట్టి థర్మాకోల్‌ను నలిపేస్తుంది కూడా, అందుకని నల్లరేగడిలో తేలిక గ్రేడు వాడొద్దు.

ఐదో మెట్టు: ఏ పూరకం

థర్మాకోల్ దిమ్మలు అన్నిటికన్నా మెత్తటి అడ్డం. మూడు మీటర్ల లోతులో పక్కమట్టి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 27 కిలోన్యూటన్లు. 15 గ్రేడు (గ్రేడు సంఖ్య అంటే సుమారుగా క్యూబిక్ మీటరుకు అన్ని కిలోలు) థర్మాకోల్ ఒక శాతం నొక్కుడుకు తట్టుకునేది 25 మాత్రమే, 19 గ్రేడు 40 దాకా. అందుకే క్యూబిక్ మీటరుకు 20 కిలోల సరుకు తీసుకోండి, తూకం వేసి చూసుకోండి. ప్యాకింగ్‌కు వాడే తేలిక షీట్లు రెండేళ్లలో నలిగిపోతాయి.

నీటిలో అది తేలుతుంది. నీటి మట్టం కింద ఉన్న ప్రతి క్యూబిక్ మీటరూ 980 కిలోల బలంతో పైకి లేస్తుంది. అర మీటరు వెడల్పు ట్రెంచ్‌లో రెండు మీటర్లు నీటిలో ఉంటే మీటరు పొడవుకు దాదాపు టన్ను. పైన అరవై సెంటీమీటర్ల మట్టి కప్పినా దాని బరువు 540 కిలోలే. పైగా ఆటోనగర్ లాంటి చోట డీజిల్, థిన్నర్ నేలలోకి ఇంకి ఉంటాయి. పెట్రోలు, థిన్నర్లు థర్మాకోల్‌ను కరిగించేస్తాయి. నేలకు నూనె వాసన వస్తే దాన్ని వాడకపోవడమే మేలు.

టైరు చిప్స్ నీటి కింద నమ్మకమైన సరుకు. రబ్బరు నీటికన్నా బరువు, సందుల్లో గాలి పోయాక తేలదు. 20 నుంచి 75 మిల్లీమీటర్ల ముక్కలు, ఉక్కు తీగ తీసేసినవి కావాలి. కూరాక క్యూబిక్ మీటరుకు 650–700 కిలోలు పడుతుంది. మూడు మీటర్ల మందం దాటిస్తే తనంతట తానే వేడెక్కే ప్రమాదం ఉంది. ఇనుము, జింకు నీటిలోకి వదులుతుంది గనుక తాగునీటి బోరుకు దూరంగా ఉంచండి. చిప్స్ చుట్టూ 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల) నాన్‌వోవెన్ జియోటెక్స్‌టైల్, అంటే నీటిని వదిలి మట్టిని ఆపే బట్ట, తప్పనిసరి. అది లేకపోతే ఒండ్రు సందుల్లోకి చేరి ఏడాదికల్లా పూరకం పక్క మట్టిలాగే గట్టిపడుతుంది.

బెంటోనైట్ ద్రవాన్ని అలాగే వదిలేయడం మూడో దారి. క్యూబిక్ మీటరు నీటికి 60 కిలోలు, ఒక రాత్రి నాననివ్వాలి, మార్ష్ కోన్‌లో (ద్రవం చిక్కదనం చూసే గరాటు) 30–60 సెకన్లు రావాలి. కోత తరంగాన్ని ఆపుతుంది కానీ ఒత్తిడి తరంగాన్ని నీటిలాగే దాటిస్తుంది. నెలల తర్వాత అడుగున పేరుకుంటుంది, పైన ఎండుతుంది. అందులో సిమెంటు కలుపుతామంటే ఒప్పుకోకండి. గట్టిపడ్డాక అది మరో గట్టి బంకమట్టి గోడ అవుతుంది.

పై ఉదాహరణకు నీటి మట్టం గరిష్ఠంగా 1.5 మీటర్ల లోతున ఉందనుకుంటే: కింది 1.6 మీటర్లు టైరు చిప్స్, పైన 1.2 మీటర్లు థర్మాకోల్, 0.3 మీటరు కప్పు. నాలుగు మీటర్ల వ్యాసార్థంలో సగం వలయం, 12.5 మీటర్ల పొడవు. చిప్స్ 12 క్యూబిక్ మీటర్లు, ఎనిమిది టన్నులకు పైన. నలిగి దిగేదానికి పది శాతం కలిపి తెప్పించండి. థర్మాకోల్ 9 క్యూబిక్ మీటర్లు, 180 కిలోలు. జియోటెక్స్‌టైల్ 70 చదరపు మీటర్లు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన సింగ్‌నగర్ వైపు అయితే థర్మాకోల్ ఊసే వద్దు, మొత్తం చిప్సే.

ఆరో మెట్టు: తవ్వకం

నీటి పైపు, కరెంటు కేబుల్, గ్యాసు లైన్ ఎక్కడున్నాయో ముందు చేత్తో టెస్ట్ పిట్ తవ్వి చూడండి. కార్పొరేషన్ అనుమతి, పక్కవాళ్ల రాతపూర్వక సమ్మతి, వాళ్ల గోడల ఫొటోలు తేదీలతో తీసి ఉంచుకోండి. ఇంటి ఫుటింగ్ అడుగు నుంచి ట్రెంచ్ అడుగు ఎంత లోతుగా ఉంటే దానికి రెట్టింపు దూరం వదలండి. ఫుటింగ్ ఒక మీటరు, ట్రెంచ్ 3.1 అయితే తేడా 2.1, దూరం కనీసం 4.2 మీటర్లు. మీ యంత్రం దిమ్మకూ ఇదే వర్తిస్తుంది. దూరం చాలకపోతే ఇంజినీరుతో విడిగా షోరింగ్ (గోతి గోడలు కూలకుండా పెట్టే ఆనింపు) డిజైన్ చేయించండి.

ఐఎస్ 3764 ప్రకారం 1.5 మీటర్లు దాటిన గోతికి షోరింగ్ తప్పనిసరి. మట్టి గోడ కూలడానికి హెచ్చరిక ఇవ్వదు, ఒక క్యూబిక్ మీటరు మట్టి 1800 కిలోలు. సరుగుడు బాదులు అడ్డం పెట్టి, పలకలు లేకుండా మనిషిని దించకండి. అసలు మనిషి దిగకుండానే నింపేలా చూసుకోవడం ఇంకా మంచిది. తవ్విన మట్టిని అంచు నుంచి మీటరున్నర అవతల పోయించండి. యంత్రం ఆపే ఉంచాలి.

మొత్తం ఒకేసారి తెరవొద్దు. మూడు, నాలుగు మీటర్ల ముక్కగా తవ్వి, అదే రోజు నింపి, తర్వాతి ముక్కకు వెళ్లండి. ముక్కల మధ్య మట్టి గట్టు ఒక్కటి మిగిలినా తరంగానికి దారి దొరికినట్టే. తర్వాతి ముక్క తవ్వేటప్పుడు బకెట్‌తో పాత పూరకం అంచు కనబడేదాకా గీకించండి.

ఏడో మెట్టు: నింపడం, కప్పడం

జియోటెక్స్‌టైల్‌ను గోతికి రెండు వైపులా వేలాడదీసి అడుగున పరచండి. చిప్స్ 300 మిల్లీమీటర్ల పొరలుగా పోసి బకెట్ వీపుతో తట్టించండి, రోలరు వద్దు. చివర బట్టను అర మీటరు మడిచి మూయండి. థర్మాకోల్ దిమ్మల అతుకులు ఒక వరస మీద ఒకటి పడకుండా మార్చి మార్చి పేర్చండి. పక్క సందులను మట్టితో కాక ముక్కలతోనే కూరండి. అర మిల్లీమీటరు మందం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటుతో మొత్తం చుట్టి అతుకులు వెల్డ్ చేయించండి. పందికొక్కులు, చెదలు థర్మాకోల్‌ను ఇల్లు చేసుకుంటాయి, షీటు లేకుండా వదలకండి. వెల్డింగ్, గ్రైండింగ్ నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. పైన మట్టి కప్పేదాకా పక్క పనులు ఆపించండి.

కప్పు పలచగా, 300 మిల్లీమీటర్లు మించకుండా ఉండాలి. దాని మందమంతా తరంగానికి వంతెనే. ఇసుక మీద పేవర్ బ్లాకులు, వాటి కింద నీరు దిగని షీటు, బయటి వైపు 50కి 1 వాలు. ట్రెంచ్ మీద కాంక్రీటు స్లాబు పోశారంటే మొత్తం పని పోయినట్టే. వాహనం దాటాల్సిన చోట స్లాబును ఒక ఒడ్డుకే కట్టి, రెండో ఒడ్డున రబ్బరు ప్యాడ్ మీద వదులుగా ఆనించండి, కొస చుట్టూ 25 మిల్లీమీటర్ల సందు ఉంచండి. దాటే ప్రతి పైపుకూ ట్రెంచ్ మధ్యలో రబ్బరు జాయింటు. ఎక్కువ మంది మరిచిపోయేది ప్రహరీ గోడ: దాని పునాది ట్రెంచ్‌ను అడ్డంగా దాటుతుంటే అక్కడ గోడను కోసి విడదీయాల్సిందే.

ఎనిమిదో మెట్టు: మళ్లీ కొలత

పాత చోట్లలోనే, అదే లోడులో, అదే వేగంతో, మట్టి ఒక వారం సర్దుకున్నాక కొలవండి. తర్వాతి రీడింగును ముందుదానితో ఒక్కో ఫ్రీక్వెన్సీకి విడిగా భాగించండి. 25 హెర్ట్జ్ దగ్గర 0.5 వచ్చి 12.5 దగ్గర 1 వస్తే ట్రెంచ్ పని చేస్తోంది, లోతు చాలలేదు. అన్నిటా 0.9 వస్తే ఎక్కడో వంతెన ఉంది: పైపు, గోడ, స్లాబు, వదిలేసిన మట్టి గట్టు, ఈ వరసలో వెతకండి. ట్రెంచ్ వెంబడే జియోఫోన్ జరుపుతూ వెళ్తే రీడింగు ఒక్కసారిగా పెరిగిన చోటే అది దొరుకుతుంది. ఒక మూలనే తగ్గకపోతే కొసలు పొట్టి.

రైలు పట్టాల పక్క ఇళ్లవాళ్లకు ఈ లెక్క కుదరదు. రైలు ఒక బిందువు కాదు, పొడవాటి గీత. ఒక ఇంటి ముందు తవ్వే పది మీటర్లకు దాని తరంగాలు రెండు పక్కల నుంచీ చుట్టి వస్తాయి, రైల్వే స్థలంలో తవ్వే హక్కూ మనకు ఉండదు. అక్కడ ఇంటి పునాది, స్లాబు మీద పెట్టే ఖర్చే దక్కుతుంది.

వానాకాలం వెళ్లాక అక్టోబరు, నవంబరుల్లో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి కప్పు వెంట నడిచి చూడండి. పేవర్లు కుంగితే చిప్స్ దిగాయి, కింద షీటు తెరిచి చిప్సే పోయండి. పైకి ఉబ్బితే థర్మాకోల్ తేలుతోంది, నీటి మట్టం తప్పు లెక్కేశారు. అంచుల్లో పగుళ్లు కనబడితే నల్లరేగడి ఎండుతోంది. పగుళ్లలో ఇసుక, కంకర పోయకుండా మెత్తటి ఫోమ్ తాడు దూర్చి పైన బిట్యుమెన్ పూయించండి.